శవాలాయనకి ఏమివ్వాలి

మార్చి 3, ఆదివారం. సాయంత్రం

ఆట అయిపోయింది, అందరూ వెళ్ళిపోయారు. టేబుల్ నిండా బిస్కెట్ పొడి, పాచికలు, తాగిన కప్పులు. సర్దబుద్ధి కావడం లేదు.

ఎన్నాళ్ళ నుంచో ముట్టడిస్తున్న ఉప్పుకోట ఇవాళ పడింది. కోట కింద నిధి దొరికింది. గేమ్ మాస్టర్ని, అంటే కథ చెప్తూ ఆట నడిపేదాన్ని, నేను కాబట్టి నిధిలో ఏముందో చెప్పాల్సింది నేనే. మా ఆటలో యుద్ధవీరుడు బ్యాంకులో పనిచేసే ఆయన. మేమంతా ఆయన్ని బ్యాంకు అనే పిలుస్తాం. ఆయనకి పిడుగు గద ఇచ్చాను. కుర్చీలోంచి లేచి, చేతిలో లేని గదని ఎంత గట్టిగా తిప్పాడంటే నేను భయపడి సీలింగ్ లైటు వైపు చూశాను. డెంటిస్టు ఆటలో దొంగ. ఆమెకి చప్పుడు చేయని బూట్లు. సంతోషం పట్టలేక నా భుజం కొరికింది.

అతనికి పుర్రె కర్ర ఇచ్చాను.

అతను నెక్రోమాన్సర్. చచ్చినవాళ్ళని లేపి పని చేయించుకునే మంత్రగాడు. అలాంటివాడికి పుర్రె కర్ర కాక ఇంకేమిస్తాం? రూల్ బుక్‌లో మొదట కనిపించేది అదే. నల్ల కర్ర, కొసన పుర్రె, కళ్ళగుంటల్లో ఆకుపచ్చ వెలుగు. నేల మీద తాటిస్తే అస్థిపంజరాలు గుంపుగా లేస్తాయి. థాంక్సండీ అని రాసుకున్నాడు. పక్కింటివాళ్ళ పార్సిల్‌కి మనం సంతకం పెట్టి తీసుకుంటామే, అలా.

అతను లిఫ్టులు రిపేరు చేస్తాడు. మా క్లినిక్ బిల్డింగులో లిఫ్టు ఆగిపోయినప్పుడు పరిచయం. లోపల ఇరుక్కున్నది నేనూ డెంటిస్టూ. తలుపు సందులోంచి ఒక గొంతు, కంగారు పడకండి, ఇందాక ఏం మాట్లాడుకుంటున్నారో అదే మాట్లాడుకుంటూ ఉండండి అంది. ఆట గురించి మాట్లాడుకుంటున్నాం. తలుపు తెరుచుకునేసరికి అతను, మరి ఆ డ్రాగన్ ఏమైందండీ అన్నాడు. ఆ వారం నుంచే వస్తున్నాడు.

భార్య పోయి రెండేళ్ళు. ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు, టీలో చక్కెర ఎంత వేయమంటారు అని అడిగినప్పుడు. ఆవిడ వేసేదండీ, ఎంతో నాకు తెలీదు అన్నాడు.

అతని నెక్రోమాన్సర్ ఇంతవరకూ ఒక్క శవాన్నీ యుద్ధానికి లేపలేదు. పోరు ముగిశాక వెనకబడిపోయి, పడి ఉన్నవాళ్ళ కళ్ళు మూస్తుంటాడు. మనవాళ్ళవీ, అవతలివాళ్ళవీ. బ్యాంకు తల పట్టుకుంటాడు. మంత్రగాడివయ్యా బాబూ, కాటికాపరివి కాదు అంటాడు. అతను నవ్వి ఊరుకుంటాడు.

ఇందాక అత్త గది తలుపు తీసి, ఆ శవాలాయనకి ఆ కర్రేం బాలేదే అంది. అత్త మా నాన్న చెల్లెలు. కోర్టులో స్టెనోగా చేసి రిటైరై నాతో ఉంటోంది. ఆదివారం మధ్యాహ్నాలు తలుపేసుకుని నిద్రపోతున్నానంటుంది గానీ ఉప్పుకోటలో ఎన్ని బురుజులో ఆమెని అడగాలి.

మార్చి 4, సోమవారం

లంచ్‌లో డెంటిస్టుతో అన్నాను, అతనికి వేరే వస్తువేదైనా వెతకాలే అని. టిఫిన్ బాక్సు మూత తీస్తూ, మంత్రగాడికి వెతుకుతున్నావా, మనిషికి వెతుకుతున్నావా అంది.

నోర్ముయ్యి అన్నాను. అదే సమాధానం అయిపోయింది.

మార్చి 6, బుధవారం

ఇంటర్నెట్‌లో నెక్రోమాన్సర్ ఐటమ్స్ అని కొడితే సముద్రం. ఎముకల ఉంగరం. రక్తం తాగే బాకు. శవం తోలుతో కుట్టిన పుస్తకం. కాకి ఈకల నల్ల అంగీ. ఇంకో పుర్రె, ఇంకో పుర్రె, పుర్రె ఆకారంలో లాంతరు. చదివి చదివి నవ్వొచ్చింది. అన్నీ బతికున్నవాళ్ళని హడలగొట్టడానికే. చచ్చినవాళ్ళకి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

అతనికి కావలసింది భయపెట్టే సామాను కాదు. మరి ఏమిటి? ఆ ప్రశ్న పట్టుకుని క్లినిక్‌కి వెళ్ళాను. రోజంతా అందరి చెవుల్లోకీ చూస్తూ అదే ఆలోచన.

సాయంత్రం ఒక పెద్దావిడకి కొత్త వినికిడి మెషిన్ పెట్టాను. చాలా ఏళ్ళ తర్వాత వినడం. మెషిన్ ఆన్ చేసి వాళ్ళాయనతో, ఏదైనా మాట్లాడండి అన్నాను. ఆయన బిక్కమొహం వేసి, ఏం మాట్లాడాలి అన్నాడు. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రెండు మాటలకే.

మార్చి 9, శనివారం. మధ్యాహ్నం

దొరికాయి. పుస్తకంలోవి కావు, నావి.

ఒకటి, గోరువెచ్చని గిన్నె. అందులో నీళ్ళు ఎప్పటికీ చల్లారవు. ఆ నీళ్ళతో చచ్చినవాళ్ళ ముఖం కడిగితే వాళ్ళకి తమ పేరు గుర్తొస్తుంది. అంతే. లేవరు, నడవరు.

ఇంకొకటి, ఎదురు బరువు. అరచేతిలో పట్టే బూడిదరంగు రాయి. ఇది అతని దగ్గర కొట్టేసిందే. లిఫ్టుని పైకి లాగేది మోటారు ఒక్కటే అనుకుంటారండీ, అవతల పక్క అంత బరువూ కిందికి దిగుతుంటే గానీ ఇది పైకి రాదు అని ఒకసారి చెప్పాడు. ఈ రాయితో ఎవరినైనా లేపొచ్చు. కాకపోతే లేపినవాడిలోంచి అంత బరువున్నదేదో కిందికి దిగిపోవాలి. ఒక జ్ఞాపకమో, ఒక ఇష్టమో. ఏది పోతుందో ముందే తెలీదు.

చివరిది వినికిడి కొమ్ము. మెషిన్లు రాకముందు చెవిటివాళ్ళు చెవిలో పెట్టుకునే ఇత్తడి గరాటా ఉండేది. మా క్లినిక్ గోడ మీద బొమ్మ ఉంది. అలాంటిదే. చెవికి ఆనించి, పోయినవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే వాళ్ళు పలుకుతారు. ఇసుక గడియారం ఒకసారి ఖాళీ అయ్యేంతసేపు. జన్మకి ఒక్కసారే.

ఉప్పుకోట రాజుని సమాధిలోంచి పలకరించి, కోట పడినా ఇంకా తెరుచుకోని ఉత్తర ద్వారం తాళం ఎక్కడుందో అడగాలి కదా. దానికి పనికొస్తుందని పెట్టాను. నిజంగా దానికే. ఇది ఎవరూ చదవరు, అబద్ధమెందుకు రాస్తాను.

మార్చి 10, ఆదివారం. సాయంత్రం

కోట బయట సంతలో ఒక ముసలమ్మ అంగడి పెట్టించాను. పుర్రె కర్ర ఇచ్చేస్తే, దాని బదులు ఒకటి తీసుకోమంటుంది. ముసలమ్మ గొంతు బాగా వచ్చింది. అత్త గదిలోంచి దగ్గు వినిపించింది. మెచ్చుకున్నప్పుడు అలా దగ్గుతుంది.

అతను మొదటిసారి ముందుకి వంగి కూర్చున్నాడు. గిన్నె గురించి రెండుసార్లు చెప్పించుకున్నాడు. రాయి సంగతి చెప్పగానే తలెత్తి నన్ను చూశాడు. మాటలు తనవని గుర్తుపట్టాడు. నా చెవులు వేడెక్కాయి. బ్యాంకు మాత్రం, రాయి తీసుకోవయ్యా, సైన్యమే లేస్తుంది, నీలోంచి ఏదో ఒకటి పోతే పోనీ అని సతాయిస్తున్నాడు.

కొమ్ము గురించి చెప్పాక అతను పాచికలు పక్కకి జరిపాడు. తర్వాత, పోయినవాళ్ళు అంటే ఎవరైనానా అన్నాడు. పేరు తెలిస్తే చాలు అన్నాను. ఈ లోకంవాళ్ళే అయి ఉండాలా అన్నాడు. ఉప్పుకోట లోకం గురించి అడుగుతున్నాడనుకుని, సముద్రం అవతలివాళ్ళయినా పరవాలేదు, ఎవరైనా సరే అన్నాను హుషారుగా.

కొమ్ము తీసుకున్నాడు. పేపరు మీద రాసుకోలేదు. చెయ్యి చాచి ముసలమ్మ దగ్గర, అంటే నా దగ్గర, అందుకున్నట్టు అందుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడర్థమైంది. డెంటిస్టు టేబుల్ కింద నా కాలు తొక్కింది.

మార్చి 11, సోమవారం

ఆ కొమ్ములోంచి ఎవరు పలికినా పలకాల్సింది నేను.

మార్చి 17, ఆదివారం

రాజు సమాధి దగ్గరికి చేరారు. తాళం ఎక్కడుందో రాజుకి తప్ప ఎవరికీ తెలియదు. కొమ్ము తియ్యవయ్యా అన్నాడు బ్యాంకు. అతను తియ్యనన్నాడు. ఇది ఒక్కసారే పలుకుతుందండీ, రాజు కోసం వాడలేను, ఇంకో దారి చూద్దాం అన్నాడు. బ్యాంకుకి ఒళ్ళు మండింది. మరి ఎవరి కోసం దాస్తున్నావయ్యా, మనం అందరం ఒక జట్టు కాదా అన్నాడు. గొంతు కాస్త లేచింది కూడా.

అతను సారీ చెప్పాడు. డెంటిస్టు దొంగబూట్లు వేసుకుని సమాధి వెనక నుంచి దూరి పాచికలు విసిరింది. పాచికలు కలిసిరాలేదు. గొయ్యిలో పడింది. ఆట అక్కడే ఆపేశాను.

వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ బ్యాంకు నన్ను పక్కకి పిలిచి, ఆయన ఎవరి కోసం దాస్తున్నాడో నాకిప్పుడు వెలిగిందండీ, నేనొక గాడిదని అన్నాడు. గాడిద కాదు. మంచివాడు. అలాంటివాళ్ళకి ఏదైనా ఒక అరగంట ఆలస్యంగా వెలుగుతుంది, అంతే.

మార్చి 20, బుధవారం

బిల్డింగులో లిఫ్టు సర్వీసింగ్. పొద్దుటి నుంచీ షాఫ్టులోంచి సుత్తి చప్పుడు. నా బూత్‌లో వినికిడి టెస్టులు చేయడం కుదరలేదు. పేషెంట్లని రేపటికి మార్చి ఖాళీగా కూర్చున్నాను. ఖాళీగా అని రాయడం తేలిక.

మధ్యాహ్నం అతనే వచ్చాడు. చేతులకి గ్రీజు, గుడ్డతో తుడుచుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఒక డౌట్ అండీ, మీ సబ్జెక్టే అన్నాడు. మనిషికి అన్నీ బాగానే వినపడుతూ, ఒక్క గొంతు మాత్రం మర్చిపోయే జబ్బు ఏదైనా ఉంటుందా అన్నాడు.

కూర్చోమన్నాను. సీటుకి గ్రీజు అంటుతుందని కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ముఖం గుర్తుందట. నడక, చీర కుచ్చిళ్ళు సర్దుకునే తీరు, కోపం వస్తే కనుబొమలు ఏమయ్యేవో, అన్నీ ఉన్నాయట. గొంతు లేదు. ఆమె అనే మాటలన్నీ గుర్తున్నాయి, అవన్నీ తన గొంతుతోనే వినిపిస్తున్నాయి. ఫోన్లో ఏమీ మిగల్లేదు. ఆమెకి మాటలు రికార్డు చేయడం ఇష్టముండేది కాదు.

జబ్బు కాదండీ అన్నాను. గొంతులే ముందు పోతాయి, అందరికీ అంతే అన్నాను. పుస్తకంలో ఉన్న మాటే చెప్పాను గానీ నా నోట్లో అదొక తీర్పులా వినిపించింది. అయినా ఒకసారి టెస్టు చెయ్యండి అన్నాడు. అవసరం లేదని తెలిసీ సరే అన్నాను.

బూత్‌లో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. జుట్టు పక్కకి సర్దాల్సి వచ్చింది. రోజూ అందరికీ చేసే పనే. తలుపు వేసి, అద్దం ఇవతల నా సీట్లో కూర్చున్నాను. శబ్దం ఎంత చిన్నగా ఉన్నా సరే, వినిపిస్తే చెయ్యెత్తండి అన్నాను మైకులో. కళ్ళు మూసుకున్నాడు.

కుడి చెవి, తర్వాత ఎడమ చెవి. నేను మీట నొక్కడం, అతను చెయ్యెత్తడం. పసివాడి చెవుల్లా ఉన్నాయి. అన్నీ అయిపోయాయి, ఇక లేవండి అని చెప్పాలి. చెప్పకుండా అలాగే చూస్తూ ఉండిపోయాను. మీట మీద నా చెయ్యి లేదు. లోపల పూర్తి నిశ్శబ్దం.

అతను చెయ్యెత్తాడు.

మార్చి 24, ఆదివారం

డెంటిస్టుకి ఒంట్లో బాలేదు. ఆట లేదు. ఆదివారం ఇంత పొడుగ్గా ఉంటుందని మర్చిపోయాను.

నాకూ ఒక పెళ్ళయింది, ముగిసింది. దాని గురించి బాధ కూడా ఎప్పుడో ముగిసింది. ఇక ఎవరి అడుగుల చప్పుడు కోసమూ చెవులు రిక్కించనక్కర్లేదని హాయిగా ఉండేది. ఇప్పుడు మెట్ల మీద ఎవరు ఎక్కుతున్నా వింటున్నాను. పేపరువాడైనా, కింది ఫ్లాటు పిల్లలైనా.

మార్చి 28, గురువారం

డెంటిస్టు కోలుకుంది. పూర్తిగా కోలుకుంది. లంచ్‌లో దాడి చేసింది.

ఆదివారం అతను ఆ కొమ్ము తీస్తాడు చూడు అంది. పలికేది నువ్వే కదా అంది. అయితే నీకింత ఆలోచన దేనికే, ఇక నా కోసం ఏడవకు, నీ బతుకు నువ్వు బతుకు, మళ్ళీ ఒక తోడు చూసుకో అను, ఏ భార్య అయినా అదే కోరుకుంటుంది అంది. అతనికి మంచిది, నీకు మంచిది, పోయినావిడకి కూడా పుణ్యం అంది.

అలా ఎలా అంటానే అన్నాను. గేమ్ మాస్టర్వి కదా, ప్రతి ఆదివారం ఎవరో ఒకరిలా మాట్లాడుతున్నదేగా అంది.

మార్చి 30, శనివారం

బాత్రూంలో కుళాయి తిప్పి ప్రాక్టీసు చేశాను.

ఇక చాలు, నువ్వు వెళ్ళు. నా గురించి బెంగ పెట్టుకోకు. వెళ్ళు.

ముసలమ్మ గొంతు కాకుండా, నా గొంతు కాకుండా, కొంచెం పల్చగా, దూరం నుంచి. మూడోసారికే నమ్మేలా వచ్చింది. అద్దంలో నన్ను చూసుకుంటే నాకే ఒళ్ళు జలదరించింది. అయినా ఇంకోసారి అన్నాను.

మార్చి 31, ఆదివారం. సాయంత్రం

అందరూ వెళ్ళి చాలాసేపయింది. టీ చల్లారిపోయింది.

ఆట మొదలు పెట్టగానే అతను, ముందు నాదొకటుందండీ, మీకు అభ్యంతరం లేకపోతే అన్నాడు. బ్యాంకు తన గద పేపరు తీసి పక్కన పెట్టేశాడు. నెక్రోమాన్సర్ సమాధుల నుంచి దూరంగా వెళ్ళి, గట్టు మీద కూర్చుని, కొమ్ము చెవికి ఆనించుకున్నాడు అని చెప్పాడు. అతని చెయ్యి నిజంగానే చెవి దగ్గరికి వెళ్ళింది. తర్వాత ఆమె పేరు పిలిచాడు. ఇంట్లో పిలిచే పేరు అయి ఉంటుంది. ఇక్కడ రాయను.

నేను ఇసుక గడియారం తిరగేశాను.

మాట సిద్ధంగా ఉంది. గొంతు సిద్ధంగా ఉంది. డెంటిస్టు నా వైపే చూస్తోంది. అతను నన్ను చూడటం లేదు. టేబుల్ క్లాత్ మీద టీ మరక వైపు చూస్తున్నాడు. కళ్ళు మాత్రం మూసుకోలేదు. బూత్‌లో చెయ్యెత్తినప్పుడు ఎలా ఉన్నాడో ముఖం అలా ఉంది, వినడానికి తలుపులన్నీ తీసి పెట్టుకున్నట్టు. ఆ ముఖంలోకి నేను ఏం పోసినా నిండిపోతుంది. జన్మంతా అదే ఆమె మాట అయిపోతుంది. గొంతు కూడా ఇక నాదే మిగులుతుంది.

నోరు తెరిచాను. వచ్చింది ఇదే.

ఆఁ, చెప్పు.

గొంతు మార్చలేదు. ఫోనెత్తి ఎవరైనా అనే మాట.

అతని భుజాలు కిందికి దిగాయి. తర్వాత మొదలుపెట్టాడు. బాత్రూం గీజరు బాగు చేశాను అన్నాడు. నువ్వు అన్నదే కరెక్టు, వైరు లూజు అన్నాడు. మీ చెల్లి కూతురు పెద్ద కాలేజీలో చేరింది, నీలాగే లెక్కల పిచ్చి. బాల్కనీలో తులసి బతికింది, మిగతావన్నీ పోయాయి, నీళ్ళు ఎక్కువ పోశానట, తక్కువ పోశానేమో అనుకున్నా. నీ బట్టలు ఇచ్చేశాను, ఆకుపచ్చ స్వెటర్ ఇవ్వలేదు. బాగానే తింటున్నాను అన్నాడు. వెంటనే, లేదులే, తినట్లేదు, నీకు అబద్ధం చెప్పి ఏం లాభం అన్నాడు. ఆస్పత్రిలో ఆ చివరి పొద్దున టీ తాగొస్తానని కిందికి వెళ్ళాను చూడు, ఆ టీ ఇంకా తాగుతూనే ఉన్నట్టుంటుందే అన్నాడు.

మధ్య మధ్య నేను ఊఁ అన్నాను. అంతకంటే అనలేదు.

ఆదివారాలు ఒకళ్ళింటికి వెళ్తున్నాను అన్నాడు. ఒక బ్యాంకాయన ఉంటాడు, అరుస్తాడు గానీ మనసు వెన్న. ఒకావిడ పళ్ళ డాక్టరు, ఆవిడ పక్కన కూర్చుంటే నవ్వాలన్నా భయం. పక్క గదిలో ఒక పెద్దావిడ నిద్ర నటిస్తుంటుంది. గదిలోంచి దగ్గు వినిపించింది. బ్యాంకు నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకొకావిడ ఉంది, కథ చెప్తుంది అన్నాడు. నీకు నచ్చేది. బాగా మాట్లాడుకునేవాళ్ళు మీరిద్దరూ.

నా ఊఁ రాలేదు.

నాకు ఆదివారం కోసం ఎదురుచూడటం అలవాటైపోయిందే అన్నాడు. అది తప్పా అన్నాడు. ఉండమంటావా, వెళ్ళమంటావా అన్నాడు.

పై గాజులో చిటికెడు ఇసుక ఉంది. ఒక్క మాటకి చాలు. వెళ్ళు అనే మాటకి ఎంతసేపు పడుతుంది? నాలుక చివర ఉంది. నేను కోరుకునేది అదే, అతను అడుగుతున్నది అదే, ఇవ్వగలిగేది నేనొక్కదాన్నే. డెంటిస్టు కళ్ళతోనే అరుస్తోంది.

కానీ అది నా మాట. ఆమెది కాదు. ఆమె ఏమనేదో నాకు తెలియదు. ఆమెకి లెక్కల పిచ్చి అని కూడా ఇవాళే తెలిసింది.

ఇసుక అయిపోయేదాకా పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆఖరి రేణువు జారింది. కొమ్ము చల్లబడింది అన్నాను, ఆట చెప్పే గొంతుతో.

అతను తలూపాడు. చెవి దగ్గరి నుంచి చెయ్యి దించాడు. థాంక్సండీ అన్నాడు. పార్సిల్ థాంక్స్ కాదు. లేచి, చెప్పులేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెనకాలే వెళ్ళబోయిన బ్యాంకుని డెంటిస్టు చొక్కా పట్టుకుని ఆపింది.

ఏప్రిల్ 1, సోమవారం

డెంటిస్టు మాట్లాడటం లేదు. మధ్యాహ్నం దాకా. తర్వాత తన డబ్బాలోంచి సగం నా ప్లేటులో పెట్టి, పిచ్చిమొద్దూ అంది.

అత్త వేరేగా అంది. పప్పు రుచి చూస్తూ, నన్ను చూడకుండా అంది. ముప్పై ఏళ్ళు కోర్టులో సాక్షులు చెప్పింది రాశానే. చెప్పలేక గుటకలు మింగేవాళ్ళు. ఏం చెప్పబోతున్నారో నాకు తెలిసిపోయేది. అయినా వాళ్ళు అనని ముక్క ఒక్కటి కూడా కాగితం మీద పెట్టలేదు అంది.

నాకు ఏడుపొచ్చింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

ఏప్రిల్ 7, ఆదివారం

రాలేదు. ఫోన్ లేదు, మెసేజ్ లేదు. మేం ముగ్గురమే ఆడాం, బ్యాంకు రాజు సమాధి చుట్టూ, దొంగ ఇంకా గొయ్యిలోనే. నెక్రోమాన్సర్ గట్టు మీద కూర్చునే ఉన్నాడని చెప్పాను.

ఏప్రిల్ 9, మంగళవారం

లిఫ్టు ఎక్కాను. నున్నగా వెళ్ళింది. ఎక్కడా ఆగలేదు. అంత బాగా ఎందుకు చేశాడు?

ఏప్రిల్ 14, ఆదివారం

రాలేదు.

వెళ్ళు అని ఉంటే వచ్చేవాడా? ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని ఉండేవాడా? ఉండేవాడేమో. ఆమె పంపిస్తే వచ్చిన మనిషిగా. నేను టీ ఇస్తే ఆమె మాట విని తాగే మనిషిగా. అలాంటిది నాకొద్దు అని రాద్దామనుకున్నాను. రాయలేను. అలాగైనా సరే అనిపించే పూటలున్నాయి. ఇవాళ అలాంటి పూట.

ఏప్రిల్ 21, ఆదివారం. సాయంత్రం

వచ్చాడు.

జుట్టు కత్తిరించుకున్నాడు. చెవులు పెద్దవిగా కనిపిస్తున్నాయి. వీధి చివరి బేకరీ పొట్లం తెచ్చి అత్త గది తలుపు కొట్టి లోపలికి అందించాడు. ఆమె నిద్రపోతున్నదాన్ని అంటూనే పుచ్చుకుంది.

నెక్రోమాన్సర్ ఇక రాడండీ అన్నాడు. ఉప్పుకోటలో ఉండిపోతాడు, యుద్ధంలో పోయినవాళ్ళకి పేర్లు రాసిన రాళ్ళు నిలబెడతాడు, మీకు ఎప్పుడైనా కావలిస్తే వాడుకోండి అని అతని కాగితం నాకిచ్చేశాడు. చేతులు మారిన కాగితం అంతే, అయినా ఎవరినో అప్పగించినట్టుంది. తనకి కొత్తగా పడవవాడి పాత్ర కావాలన్నాడు. పాచికలు విసిరితే పడవవాడికి బలం తక్కువ, నోరు ఎక్కువ వచ్చింది. నది ఎక్కడుందో తెలియకుండానే గొయ్యిలో పడ్డ దొంగని పైకి లాగాడు. గద ఇలా ఇవ్వవయ్యా, తెడ్డుగా పనికొస్తుంది అన్నాడు బ్యాంకుని. బ్యాంకు గదని రెండు చేతులతో కావలించుకున్నాడు. అతను పడీ పడీ నవ్వాడు. ఇన్నాళ్ళలో ఆ నవ్వు వినలేదు. కింది ఫ్లాటుదాకా వినపడే నవ్వు.

నాతో విడిగా ఏమీ మాట్లాడలేదు. ఆ ఆదివారం సంగతి ఎవరూ ఎత్తలేదు.

సంతోషంగానే ఉండాలి నేను. ఉన్నాను. కానీ ఇక శవాలాయనకి ఏమివ్వాలి అని క్లినిక్‌లో కూర్చుని ఆలోచించే పని లేదు. పడవవాడికి పడవుంది. ఇంకేమీ అక్కర్లేదు. కళ్ళు మూసే ఆ మనిషి మీద బెంగగా ఉంది. బతికున్న మనిషి ఎదురుగా కూర్చుని నవ్వుతుంటే, ఆటలో మనిషి మీద బెంగ.

ఏప్రిల్ 28, ఆదివారం

పడవ మునిగింది. అందరూ ఈది బయటపడ్డారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి ఏదో అనబోయాడు. బ్యాంకు పిలిచాడు, వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 30, మంగళవారం

క్లినిక్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. అతను ఎప్పుడూ ఫోన్ చేయడు. మెషిన్ అచ్చు కోసం పేషెంటు చెవిలో పెట్టిన పేస్టు గట్టిపడుతోంది, తీసేదాకా ఆగాలి. అప్పటికి ఆగిపోయింది. నేనే చేశాను.

గురువారం సాయంత్రం రావచ్చా అన్నాడు.

గురువారం ఆట ఉండదండీ అన్నాను.

తెలుసు అన్నాడు.

షాఫ్టులో ఉన్నాడేమో, అవతల గాలి చప్పుడు. ఆమెనే అడిగానండీ, ఆమె ఏమీ అనలేదు అన్నాడు. నన్నే తేల్చుకోమన్నట్టుంది అన్నాడు. పేషెంటు ఒక చెవి మూసుకుని నన్నే చూస్తున్నాడు. రండి అన్నాను.

మే 2, గురువారం

అత్త సినిమాకి వెళ్ళింది. ఏ సినిమానో ఆమెకీ తెలియదు.

సాయంత్రం అంటే ఎన్నింటికో అడగలేదు. మధ్యాహ్నం నుంచీ సాయంత్రం లాగే ఉంది.